లోపల వదిలిన గుడ్డ

మందుల కొట్టు ఆవిడ కొత్త గౌను చంకలో పెట్టుకుని కత్తెరమ్మ కొట్టు మెట్లెక్కడం చూడగానే, ఆ పూటకి తనకి కాలక్షేపం దొరికిందని పెద్దావిడకి అర్థమైపోయింది. కుట్టుమిషను పక్కనున్న స్టూలు పెద్దావిడది. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది. ఊడిన గుండీ ఒకటి పట్టుకొచ్చి, దాని పేరు చెప్పి మధ్యాహ్నం దాకా కూర్చునేది.

"నడుము దగ్గర పట్టి చస్తోంది. ఇచ్చిన గుడ్డంతా ఏం చేశావ్? మింగావా?" అంటూ మందుల కొట్టు ఆవిడ గౌనుని బల్ల మీదికి విసిరింది. వీధిలో సగంమందికి వినపడాలనే అంది. మిగతా సగానికీ వినపడింది.

కత్తెరమ్మ నోట్లోని గుండుసూదులు తీసి ఒక్కొక్కటే దూదిదిండుకి గుచ్చింది. గౌను తిరగేసింది. పక్క కుట్టు దగ్గర లోపలికి వదిలిన గుడ్డనీ, దాని మీద వరసలు వరసలుగా వేసిన కుట్లనీ వేలితో చూపించింది.

"గుడ్డ నేను మింగలేదండీ. ఇదిగో, ఇక్కడే హాయిగా పడుకునుంది. ఒక వరస విప్పితే ఇప్పటికి సరిపోతుంది. ఇంకోటి విప్పితే వచ్చే ఏడాదికీ సరిపోతుంది. పెరిగేవాళ్ళకి చోటు వదలడం నా పని. ఎంతవరకు పెరగాలో చెప్పడం నా పని కాదు."

గుమ్మం దగ్గరున్నవాళ్ళు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. మందుల కొట్టు ఆవిడ మొహం, తన కొట్లో చేదుమందు తనే తాగినట్టయింది. వరస విప్పించుకుని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. పెద్దావిడ ఆ గొడవని ఇంటింటికీ మోసింది, ప్రతి ఇంట్లోనూ కాస్త ఉప్పూ కారం చేర్చి. తనలాంటి నోరు ఈ వీధిలో మరొకటి ఉండటం ఆవిడకి గర్వంగానూ ఉండేది, కొంచెం కంటగింపుగానూ ఉండేది.

కత్తెరమ్మ ఆవిడని వరస కలిపి పిన్నీ అని పిలిచేది.

"పిన్నీ, ఎవరితోనూ అనకు," అంది ఒక రోజు, మిషను ఆపకుండానే. "మళ్ళీ నెల తప్పింది."

పెద్దావిడ ఎవరితోనూ అనలేదు. ఆ అవసరమే రాలేదు. కత్తెరమ్మ మొగుడు వ్యాను నడుపుతాడు. సాయంత్రంలోగా వ్యాను ఎక్కినవాళ్ళకీ, దిగినవాళ్ళకీ, చెయ్యెత్తి మనసు మార్చుకున్నవాళ్ళకీ కూడా చెప్పేశాడు.

ఆ 'మళ్ళీ' అన్న మాట మాత్రం పెద్దావిడకి గుచ్చుకుంది. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు కత్తెరమ్మ పెట్టె నిండా బుల్లి చొక్కాలూ టోపీలూ కుట్టింది. బిడ్డ నిలవలేదు. పెట్టెలోవన్నీ వీధిలో ఎవరెవరి పిల్లలో తొడుక్కున్నారు. రెండోసారి జాగ్రత్తపడి ఒకే ఒక్క చొక్కా కుట్టింది. అదీ అక్కరకు రాలేదు. దాన్ని కుట్టు కుట్టుగా విప్పి, ఆ గుడ్డతో ఎవరి కోటుకో లోపలి జేబు వేసింది. ఈసారి తన బిడ్డ కోసం దారం ముక్క కూడా ముట్టుకోనని ఆమె ఎవరికీ చెప్పలేదు. బీరువా పై అరలో ఎప్పటిదో ఒక కాగితం పొట్లం ఉండేది. దాని జోలికి పోవడం మానేసింది, అంతే.

వ్యాను డ్రైవరుకి ఇవేం పట్టవు. ఫోనులో ఏదో పెట్టించుకున్నాడు. వారం మారగానే అది టింగుమని, కడుపులో బిడ్డ ఎంతైందో చెబుతుంది. ఇతను కొట్టు గుమ్మంలో నిలబడి, దండోరా వేసినట్టు చదివేవాడు.

"అత్తయ్యా, ఈ వారం బఠాణీ గింజంత!"

"సంతోషం."

తర్వాత ద్రాక్షపండు వచ్చింది. నిమ్మకాయ వచ్చింది. బంగాళాదుంప వచ్చిన వారం పెద్దావిడ ఓపిక చచ్చిపోయింది.

"ఏమయ్యా అల్లుడూ, నీ పెళ్ళాం మోస్తున్నది పిల్లనా, కూరగాయల బండినా? వచ్చే వారం తక్కెడ కూడా తెచ్చుకో."

"డాక్టర్లు చెప్పిందే అత్తయ్యా!"

"ఏ డాక్టరు? మార్కెట్లో కొట్టు పెట్టుకున్న డాక్టరా?"

కత్తెరమ్మ లెక్క వేరు. రోజూ వేసుకునే నీలం గౌనుకి, అందరికీ వదిలినట్టే, పక్కల్లో గుడ్డ వదిలి కుట్టుకుంది. ఒళ్ళు బిగిసిన వారం ఒక వరస విప్పేది. విప్పిన చోట ఎండ సోకని గుడ్డ ముదురు నీలం పట్టీలా బయటపడేది. పెద్దావిడ పొద్దున్నే వచ్చి, ఇంకా స్టూలు మీద కూర్చోకముందే ఆ పట్టీ చూసేది. పట్టీ వెడల్పయిన రోజు అందరినీ తిట్టిపోసేది. ఆవిడకి సంతోషం వస్తే అలాగే ఉంటుంది.

మొదటి బిడ్డ పోయిన వారం దగ్గరికి వచ్చింది. ఫోను ఆ రోజూ టింగుమంది. వ్యాను డ్రైవరు గుమ్మం దాకా వచ్చి, పెళ్ళాం మొహం చూసి, చదవకుండానే ఫోను జేబులో వేసుకుని వెళ్ళాడు. అతని బుర్రలో గుజ్జు అంటూ ఒకటుందని పెద్దావిడ మొదటిసారి ఒప్పుకుంది. కత్తెరమ్మ మిషను ముందు కూర్చుంది గాని తొక్కడం లేదు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఏదో వినడానికన్నట్టు తల వంచుకుంది.

ఓదార్చడం పెద్దావిడకి చేతకాదు. బడి మానేసినట్టే ఆ విద్యా మధ్యలోనే మానేసింది. ఇంటికెళ్ళి, నిక్షేపంలాంటి తన కోటు జేబుని పళ్ళతో పీకి పట్టుకొచ్చింది.

"ఇదేనా నీ పనితనం? అప్పుడే ఊడింది!"

"ఇది నేను వేసి ఏళ్ళయింది పిన్నీ."

"అయితే ఏళ్ళకే ఊడింది. కుట్టు."

కత్తెరమ్మ కుట్టింది. పెద్దావిడ వంకరగా ఉందంది. విప్పి మళ్ళీ కుట్టింది. ఈసారి వంకర అటువైపు పోయిందంది. ఆ ఒక్క జేబుతో వారమంతా గడిపి, చివరికి "సరేలే, నీకింతకన్నా రాదు" అని కోటు తీసుకెళ్ళింది. ఆ మర్నాడు గౌనుకి మరో వరస విప్పాల్సి వచ్చింది.

రెండో బిడ్డ పోయిన వారం ఇంకా ముందుంది. అది రావడానికి ముందే మందుల కొట్టు ఆవిడ వచ్చింది, పాత కోపం ఇస్త్రీ చేయించుకుని మరీ. మనవడికి చొక్కా కుట్టమని మెత్తటి గుడ్డ బల్ల మీద పెట్టి, కొట్టంతా కళ్ళతో వెతికింది.

"ఊరి పిల్లలందరికీ కుడతావు కదా, నీ పిల్లకేం కుట్టావో చూపించు. ఏంటీ, ఒక్క చొక్కా కూడా లేదా? ఏం, ఈసారీ నమ్మకం లేదా?"

కత్తెరమ్మ నోరు తెరిచింది. వీధినంతా గడగడలాడించిన ఆ నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది.

స్టూలు కిర్రుమంది.

"దాని పిల్లకి దాని చేతే కుట్టిస్తామా? మేమంతా చచ్చామా?" అంది పెద్దావిడ లేచి. "బట్టలు నేను కుడుతున్నాను."

పెద్దావిడ కుట్టుపని వీధికంతా తెలుసు. ఆవిడ కుట్టిన గలీబులో దిండు దూరదు, దూరితే బయటికి రాదు. ఒకసారి చొక్కా ఒళ్ళో పెట్టుకుని గుండీ కుట్టి, లేవబోతే, ఆ చొక్కా ఆవిడ వేసుకున్న గౌనుకే అతుక్కుని లేచింది. కత్తెరమ్మే వెళ్ళి ఇద్దరినీ విడదీసింది, అంటే చొక్కానీ ఆవిడనీ.

"మీరా?" అంది మందుల కొట్టు ఆవిడ.

"నేనే. ఏం, నీ మందులు తిన్నవాళ్ళే బతుకుతుంటే, నేను కుట్టిన చొక్కా తొడుక్కున్న పిల్ల బతకదా?"

మందుల కొట్టు ఆవిడ కొలతలు చెప్పడం మర్చిపోయి మెట్లు దిగింది.

"పిన్నీ, అబద్ధమాడితే కాస్త నమ్మేట్టు ఆడాలి," అంది కత్తెరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"నోర్ముయ్. గెలిచానా లేదా?"

ఆ రెండో వారమూ వచ్చింది, పోయింది. ఆ రోజుల్లో పెద్దావిడ కోటుకి గుండీలూ, కాలరూ, రెండో జేబూ అన్నీ కూడబలుక్కున్నట్టు ఊడాయి.

గౌనుకి విప్పడానికి ఇక వరస మిగలని వారం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో చేరమన్నారు డాక్టరు. ఫోను పుచ్చకాయ అంది. వ్యాను డ్రైవరు వీధిలో వ్యాను అద్దాలు తుడిచినవే తుడుస్తున్నాడు. కత్తెరమ్మ మిషను మీద మూత వేసి, బీరువా పై అరలోంచి ఆ కాగితం పొట్లం దించి పెద్దావిడ ఒళ్ళో పెట్టింది. లోపల మెత్తటి తెల్లగుడ్డ. మడతలు గట్టిపడి ఉన్నాయి.

"అన్నావుగా పిన్నీ. కుట్టు."

"గొడవలో ఏదో నోరు జారితే, దాన్ని పట్టుకుని..."

"నేను కుట్టినవి రెండుసార్లూ నా బిడ్డ తొడుక్కోలేదు. నీ చెయ్యి వేరు."

"వేరా? చొక్కాని ఒంటికి కుట్టుకునే చెయ్యి! పెద్దయ్యాక నీ పిల్ల దీన్ని చూసి నన్ను తిట్టిపోస్తుంది."

"తిట్టేంత పెద్దదయితే చాలు పిన్నీ."

పెద్దావిడ విసురుగా సూది అందుకుంది. దారం ఎక్కించబోతే పక్కకి పోయింది. కళ్ళజోడుని తిట్టింది. మళ్ళీ పక్కకే పోయింది. కత్తెరమ్మ సాయానికి చెయ్యి చాచి, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుంది. మొగుణ్ణి కేకేసింది. అతను తడిచేతులు చొక్కాకి తుడుచుకుంటూ వచ్చి, ఊపిరి బిగబట్టి దారం ఎక్కించి పెద్దావిడకి ఇచ్చాడు.

"వంకరపోతే పోనీ," అంది కత్తెరమ్మ, ముదురు నీలం పట్టీ మీద చెయ్యి ఉంచుకుని. "లోపల గుడ్డ మాత్రం బాగా వదులు పిన్నీ."