క్రంబ్ వకీలు ఒక్క మాట

జెడిడయా క్రంబ్ వకీలుకు నోరు తెరవడం వచ్చుగాని మూయడం రాదు. ఆయన కోర్టులో లేచాడని తెలియగానే మా ఊరి ఆడవాళ్ళు రొట్టెపిండి కలిపేవాళ్ళు. పిండి పొంగేలోగా ముగిస్తే చిన్న ప్రసంగం. కాలిన రొట్టె చల్లారేదాకా సాగితే మామూలుది.

మిస్సోరీ నదిలో బల్లకట్టు నడిపే మార్సీ ఆమ్స్‌బీ ఇంట్లో ఆయన భోజనం. సూపు ముందు ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాడంటే దేవుణ్ణి కూడా బోనెక్కించి వాదించేవాడు.

"ఆమెన్ అనవయ్యా వకీలుబాబూ! సూపులో ఆ కోడి రెండోసారి చచ్చేలా ఉంది."

"ఒక్క మాట, మార్సీ..."

"నీ ఒక్క మాటకి నా సూపు మంచుగడ్డయింది!"

ఒక చలికాలం మార్సీ రేవును ఒక భూస్వామికి కట్టబెట్టే బిల్లు శాసనసభకు వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు ఆ బల్లకట్టే తిండి. క్రంబ్ సభ్యుడే. కాని ఆయన వైపు లేచే చేతులు నాలుగు, అటు నలభై.

"నువ్వక్కడ చేసేదేముంది, వాగడం తప్ప?" అంది మార్సీ.

"అదే చేస్తాను."

సభకు ఆఖరి రోజు. రాత్రి పన్నెండు కొట్టేలోగా ఓటు పడని బిల్లు చచ్చినట్టే. క్రంబ్ తొమ్మిదింటికే లేచి నది పుట్టుక నుంచి అందుకున్నాడు. పది నిమిషాలు మిగిలుండగా బంట్రోతు నిచ్చెనెక్కి గడియారం ముల్లు పట్టుకున్నాడు. పని మిగిలితే పన్నెండు కానివ్వకపోవడం అక్కడి ఆనవాయితీ.

"ఇంకెంతసేపయ్యా నీ ఊపిరి?" అని నవ్వారు అవతలివాళ్ళు.

క్రంబ్ మార్సీ సూపులోకి దిగాడు. ఉల్లిపాయను, మిరియాన్ని, కోడి తొడను విడివిడిగా వర్ణించాడు. నలభై కడుపులు మూలిగాయి. ఆయన మాటల్లో రొట్టె మీద వెన్న కరుగుతుండగా రేవులో ఆవిరిపడవ కూత వేసింది. నది గడ్డకట్టకముందు ఊళ్ళకు చేర్చే ఆఖరి పడవ అది. గడియారాన్ని ఆపారుగాని దాన్నెవరాపుతారు? టోపీలు పట్టుకుని పరుగెత్తారు. ఓటుకు చాలినంతమంది మిగల్లేదు. బిల్లు చచ్చింది.

పడవ క్రంబ్‌కూ తప్పింది. తొమ్మిది రోజులు మంచులో నడిచొచ్చి మార్సీ బల్ల దగ్గర కూలబడ్డాడు. ప్రార్థనకు నోరు తెరిస్తే గాలి తప్ప రాలేదు.

"ఉండు, నేను చెప్తా," అని మార్సీ కళ్ళు మూసుకుంది. నదిని, పడవ కూతను, ఉల్లిపాయను, ఆయన నోటిని, ఆయన చిరిగిన బూట్లను ఇచ్చినందుకు పేరుపేరునా దేవుడికి దండం పెట్టింది. సూపు మీద పొగ ఆగిపోయింది. క్రంబ్ చెంచాతో గిన్నె మీద కొట్టాడు.

"ఒక్క మాట, వకీలుబాబూ," అంది మార్సీ, కళ్ళు తెరవకుండానే.