ఎర్రచుక్కమ్మ వద్దన్న పానాలు

నట్లు బిగించే పానాల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. అందరికీ ఎర్రచుక్కమ్మే. పరీక్ష గదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, కొలిమిలో కాలి, నూనెలో మునిగి, చల్లారి వచ్చిన ప్రతి పానానీ చేతిలోకి తీసుకునేది. నోరు కొలిచేది. అంచు మీద ఆకురాయి ఒక్కసారి రుద్దేది. గీత పడిందంటే ఇనుము మెత్తగా ఉన్నట్టు. అప్పుడు పిడి మీద ఎర్ర రంగు చుక్క పెట్టి, ఎడమ పక్క డబ్బాలో పడేసేది. ఇరవై రెండేళ్లుగా అదే పని.

మొహమాటం ఆమె ఒంట్లో లేదు. డబ్బా నిండినప్పుడల్లా కొలిమి మేస్త్రీకి ఒళ్లు మండేది.

"ఇంట్లో వంకాయలు కూడా ఇలాగే ఏరతావా అమ్మా?"

"వంకాయల మీద నా సంతకం ఉండదుగా" అనేది.

నిజంగానే ఆ సంతకానికి విలువుంది. ఫ్యాక్టరీ సరుకు కొని తన పేరు వేసుకుని అమ్ముకునే విదేశీ కంపెనీ ఒకటుంది. పెట్టెలో ఆమె సంతకమున్న కాగితం లేకపోతే వాళ్లు సరుకు దించుకునేవారు కారు. ఆ కాగితం సంగతి మేనేజరు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆమె తమ్ముడు మెకానిక్కు. నాలుగు వీధుల అవతల షెడ్డు. అందులో గోడకి ఆ విదేశీ పానాల సెట్టు వరసగా వేలాడుతుండేది. వాడితే అరిగిపోతాయని వాటిని ముట్టుకునేవాడు కాదు. రోజువారీ పనికి మాత్రం బజార్లో దొరికే దేశీ పానాలు వాడుతూ, వాడుతున్నంతసేపూ తిట్టేవాడు.

"ఆ గోడ మీదవి మా ఫ్యాక్టరీవేరా" అని ఆమె ఒకసారి చెప్పింది.

అతను పడీపడీ నవ్వాడు. "పోనీలే అక్కా, ఆ మాట బయటెక్కడా అనకు" అన్నాడు.

ఒక మధ్యాహ్నం లారీ ఇంజను విప్పుతుండగా అతని చేతిలో పానా నోరు తెరుచుకుపోయింది. నట్టు మీంచి జారిన చెయ్యి విసురుగా వెళ్లి ఇనుప అంచుకి కొట్టుకుంది. రెండు వేళ్లు విరిగాయి. ఆసుపత్రిలో కట్టు కట్టించాక, షెడ్డుకి తాళం వెయ్యడానికి అక్క వచ్చింది. పానా ఇంకా నేల మీదే ఉంది. చేతిలోకి తీసుకోగానే అలవాటుగా నోరు చూసింది, పిడి చూసింది. సైజు అంకె గాడిలో ఆవగింజంత ఎరుపు కనిపించింది. గోటితో గీరింది. రక్తం కాదు, రంగు. తను స్వయంగా కలుపుకునే రంగు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి పానాని బల్ల మీద పెట్టింది.

"నేను వద్దన్న సరుకు ఎక్కడికి పోతోంది సార్?"

"బజారుకి" అన్నాడాయన, ఇందులో అడగడానికేముందన్నట్టు. "మీరు విదేశానికి వద్దన్నారు. ఇక్కడికి వద్దనలేదుగా."

"చుక్క పెట్టానంటే ఎక్కడికైనా వద్దనే కదా సార్."

"ఆ చుక్కలు తుడవడానికే ఇద్దరు మనుషుల్ని పెట్టాం. మీరు కొంచెం తేలిగ్గా పోయే రంగు వాడితే ఒక్కరు సరిపోతారు."

ఆమె తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. తను ఎంత గట్టిగా ఏరితే బయటివాళ్లకి అంత మంచి సరుకు వెళ్లింది. ఊళ్లో మెకానిక్కులకి అంత చెత్త అందింది. ఇరవై రెండేళ్లు ఒళ్లు దాచుకోకుండా చేసిన పని అదీ.

ఆ రోజు నుంచి ఆమె రంగు ముట్టుకోలేదు. నచ్చని పానాని బల్ల అంచుకున్న వైసులో బిగించి, సుత్తితో రెండు దెబ్బలు వేసి నోరు వంకర చేసి పడేసేది. వారం తిరక్కుండా బజారుకి పంపడానికి సరుకు లేకుండా పోయింది. మేనేజరు పిలిపించాడు.

"ఇదేం పనమ్మా? రేపట్నుంచి మిమ్మల్ని అట్టపెట్టెలు మడిచే చోటికి మారుస్తున్నాను."

"మార్చండి సార్. విదేశీ కాగితాల మీద సంతకం ఎవరు పెడతారో చెబితే బల్ల అప్పగించి వెళ్తాను."

మేనేజరు గ్లాసెడు నీళ్లు తాగాడు. చివరికి మెత్తగా ఉన్న పానాలు మళ్లీ కొలిమికి, పగిలినవి కరిగించడానికి పంపాలని, దేశీ పెట్టెల్లోనూ ఆమె సంతకం ఉండాలని ఒప్పుకున్నాడు.

ఆరు నెలలకి దేశీ పానా విదేశీ పానాకి ఏ మాత్రం తీసిపోకుండా తయారైంది. తంటా ఏమిటంటే ఒక్కడూ కొనలేదు. పెట్టెలు దుకాణాల్లో దుమ్ము పట్టాయి. ఆమె తమ్ముడికి ఒక సెట్టు ఊరికే ఇస్తానంది.

"నీ మీద గౌరవం వేరు అక్కా, నా వేళ్లు వేరు" అన్నాడతను.

మేనేజరు తల పట్టుకుని ఆలోచించి, ఏ భాషలోనూ అర్థం లేని ఒక పేరు పుట్టించాడు. పెట్టె మీద మంచుకొండ బొమ్మ వేయించాడు. ఎక్కడ తయారైందో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చువేయించాడు. లోపల పానాలు అవే, సంతకం అదే. నెల తిరిగేసరికి సరుకు చాలలేదు. దేశీ తయారీని నిలబెట్టినందుకు ఆయనకి సన్మానం జరిగింది. ఆయన ముప్పావు గంట మాట్లాడాడు. ఆమె మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆ ఆదివారం భర్తతో కలిసి తమ్ముడి షెడ్డుకి వెళ్తే, అతను మంచుకొండ పెట్టె తెరిచి చూపించాడు.

"పట్టుకుంటేనే తెలిసిపోతుందక్కా. మీవాళ్లు ఎప్పటికి నేర్చుకుంటారో ఏమో."

ఆమె ఒక పానా తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉందిరా" అంది.

దారిలో భర్త అడిగాడు. "నిజం చెప్పెయ్యొచ్చుగా?"

"ఎందుకండీ? నమ్మకపోతే నవ్వుతాడు. నమ్మితే పారేస్తాడు."

తమ్ముడికి ఇప్పటికీ ఆ సంగతి తెలియదు. వేళ్లు బాగానే అతుక్కున్నాయి, బేరాలూ పెరిగాయి. మొన్న షెడ్డు ముందు కొత్త బోర్డు కట్టించాడు: ఇచ్చట విదేశీ పనిముట్లు మాత్రమే వాడబడును.