పోలీసు టెస్టు రోజు ఒంటి తుమ్ము

లండన్ పక్కనున్న స్లౌ రైల్వే స్టేషన్‌లో "పోలీసు ఉద్యోగాలకు ఆడవాళ్ళు కావాలి" అన్న పోస్టర్ చూసినప్పుడు నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. అప్పటికి పదమూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు పట్టడమే నా పని. అదే పనికి యూనిఫాం కూడా ఇస్తామంటే చేదా? అప్లికేషన్ పెట్టేశాను.

మా ఆయన ఆధునికుడు. వద్దని చచ్చినా అనడు, "నీ ఇష్టం" అంటాడు. ఆ మాటలో నా ఇష్టం ఎంత ఉంటుందో పెళ్ళయిన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ పాసయ్యానంటే కూడా అదే మాట, కాకపోతే మొహం ఇంకాస్త చిన్నది చేసుకుని. ఇక మిగిలింది పరుగు టెస్టు. బీప్ మోగేలోగా పదిహేను మీటర్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఆలస్యంగా వస్తే లోపలికి రానిచ్చేది లేదని ముందే మెయిల్ పెట్టారు.

అప్పుడే మా అత్తమ్మ కరీంనగర్ నుంచి ఆరు నెలలకని వచ్చి మా ఫ్లాట్‌లోనే ఉంది. కార్ పార్కింగ్‌లో నేను రొప్పుతూ పరుగు ప్రాక్టీసు చేస్తుంటే కిటికీలోంచి చూసేది. ఒక్క మాట అనేది కాదు. కొడుకు పక్షమే అనుకున్నాను.

టెస్టు రోజు పొద్దున షూ లేసులు కట్టుకుని గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి మా ఆయన తుమ్మాడు. ఒంటి తుమ్ము. బయల్దేరేటప్పుడు అలా తుమ్మితే వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళాలి మా ఇళ్ళలో. కూర్చున్నాను, తాగాను, లేచాను. మళ్ళీ హాచ్! మళ్ళీ కూర్చున్నాను. మనిషికి జలుబు లేదు, ఎలర్జీ లేదు. మూడోసారి నేను లేవబోతే ముక్కు పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు.

బస్సుకు నాలుగే నిమిషాలుంది. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. కానీ పెద్దావిడ ఇంట్లో ఉండగా శకునం కాదని పోవడానికి కాళ్ళు రాలేదు. దొంగల్ని పట్టాల్సినదాన్ని, తుమ్ముకు జడిసి సోఫాలో కూర్చున్నాను.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"బందువెట్టురా నీ దొంగ తుమ్ములు."

"నిజంగనే అచ్చిందే అమ్మా..."

"నాకు టీచర్ ట్రైనింగ్‌ల సీటు అచ్చిననాడు మీ నాయిన గూడ గిట్లనే తుమ్మిండు. బస్సు పోయేదాక తుమ్మిండు."

ఆమె నా చేతిలోని గ్లాసు లాక్కుంది.

"ఆనాడు నేను కూసున్న బిడ్డా. నువ్వు లే."

లేచాను. బస్సు దొరికింది, టెస్టూ పాసయ్యాను. యూనిఫాం వచ్చిన రోజు అత్తమ్మ నా టోపీ తను పెట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. డ్యూటీకి టైమైందని బతిమాలితే గానీ తిరిగి ఇవ్వలేదు.