మగవార్డు బుచ్చవ్వ ముందుచూపు

బుచ్చవ్వ ఏ మంచం దగ్గరైనా రెండు నిమిషాలు నిలబడిందంటే, ఆ మంచం మీదున్నవాడి చుట్టాలు ఏడుపు లంకించుకునేవారు. పాపం, ఒక్కోసారి ఆమె మోకాలు పట్టేసి నిలబడేది.

"నా కాలు నొస్తుందే బిడ్డా, నీ మొగనికి ఏం కాలే" అన్నా నమ్మేవాళ్లు కాదు.

గోదావరి అవతల బొగ్గు ఊళ్లో, గని కార్మికుల కోసం కట్టిన చిన్న దవాఖానలో ఆమె ఆయా. పుట్టింది మంథనిలో. తల్లి కొమురవ్వ ఆ చుట్టుపక్కల నాలుగూళ్లకు మంత్రసాని. భర్త లచ్చయ్యకు గనిలో పని దొరికితే, బుచ్చవ్వ అతని వెంట పడవెక్కి నది దాటింది. 1953లో దవాఖానలో చేరింది. చదువు లేదు, గడియారం చూడటమూ రాదు. కానీ ఇరవై మంచాల మధ్య ఏళ్ల తరబడి బెడ్‌పాన్లు ఎత్తి, మూత్రం సీసాలు కడిగి, పక్కలు మార్చిన మనిషికి ఎవరి ఒంట్లో ఏం జరుగుతోందో కాస్త ముందే తెలుస్తుంది. అలా ఒకటి రెండుసార్లు ఆమె అన్నమాట నిజమైంది. కాంపౌండరు అంతయ్య దాన్ని చాటింపు వేసినట్టు ఊరంతా చెప్పాడు. ఇక చూడండి, బుచ్చవ్వ కాస్తా సోది చెప్పే అవ్వ అయి కూర్చుంది.

ఆమెకు తప్పులు జరగలేదా అంటే జరిగాయి. 1961లో ఇస్తారి అనే ట్రామరు, గనిలో బొగ్గు తొట్లు తోసేవాడు, కడుపునొప్పితో వచ్చాడు. వార్డు పైకప్పు లేచిపోయేలా అరిచాడు. "గీయన దక్కుడు కష్టమే" అని బుచ్చవ్వ అంతయ్య చెవిలో వేసింది. అంతయ్య నోటిలో నువ్వుగింజ నానుతుందా? సాయంత్రానికి ఇస్తారి చుట్టాలు మూడు బండ్లలో దిగారు. ఐదో రోజు ఇస్తారి లేచి కూర్చుని, పళ్లు తోముకుని, "నన్ను సంపిన ముసల్ది యాడున్నది?" అని అడిగాడు. తర్వాత వేములవాడ పోయి మొక్కు తీర్చుకుని, ఆమెకు ప్రసాదం కూడా తెచ్చిచ్చాడు. బుచ్చవ్వకు తల కొట్టేసినట్టయింది. అరుపును చూసి బెదిరినందుకు తనను తానే తిట్టుకుంది. ఇస్తారి అరిచిన అన్నాళ్లూ సీసా నిండా ఒంటికి పోతూనే ఉన్నాడని, ఊపిరి నిమ్మళంగానే ఉందని ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చింది. అప్పటినుంచి చెవులను పక్కనపెట్టి కళ్లతో చూడటం మొదలుపెట్టింది.

మరుసటేడు తెనాలి వైపు నుంచి వెంకటరత్నం అనే కుర్ర డాక్టరు వచ్చాడు. వచ్చిన వారానికే ఆమెను పిలిపించాడు.

"చూడు బుచ్చమ్మా, రోగి బతుకుతాడో లేదో ఇకమీదట నువ్వు చెప్పకూడదు."

"నేనేం చెప్తలే సారూ. నిలవడితెనే ఏడుస్తున్నరు. మరి కూసోని ఊడ్వాల్నా? ఇంకోటి, నేను బుచ్చమ్మను కాదు, బుచ్చవ్వను."

డాక్టరుకు నవ్వొచ్చింది. ఆమె కోసం వార్డులో ఒక స్టూలు వేయించాడు.

1963 ఎండాకాలంలో మొగిలి వచ్చాడు. గనిలో బొగ్గు కొట్టే మనిషి, ముప్పై ఐదేళ్లవాడు. బావమరిది పెళ్లిలో మూడురోజులు యాటకూర, సారా తప్ప వేరే ధ్యాస లేకుండా గడిపాడు. నాలుగో రోజు కడుపు పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోయింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, బొగ్గు లారీలో వచ్చి పడ్డాడు. వెంట భార్య సరోజన.

డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, "క్లోమం వాచింది" అన్నాడు. సరోజన తెల్లముఖం వేసింది. కడుపు వెనకాల, వెన్నుకు ఆనుకుని ఒక గ్రంథి ఉంటుందని, తిన్నదాన్ని అరిగించాల్సిన దాని రసం ఇప్పుడు దాన్నే అరిగిస్తోందని ఆయన వివరించాడు. ఆ పిల్ల ఇంకా బెదిరిపోయింది.

బుచ్చవ్వ పక్కకు తీసుకుపోయి చెప్పింది: "కావలికి పెట్టిన కుక్క ఇంటోళ్లనే కరిసిందనుకో. కుక్క నెమ్మదిగయ్యేదాంక తిండి లేదు, నీళ్లు లేవు. ముక్కుల గొట్టం, చేతికి సెలైను. గంతే. ఫికర్ జేయకు."

డాక్టరు మాత్రం అంతయ్యతో మెల్లగా అన్నాడు: "పదిమందిలో ఏడెనిమిది మంది వారంలో లేచిపోతారు. మిగతావాళ్లకు మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది. ఎవరిది ఏ దారో మొదటి రెండురోజుల్లో పసిగట్టాలి. పసిగట్టడమే బ్రహ్మవిద్య."

స్టూలు మీద కూర్చుని వత్తులు చుడుతున్న బుచ్చవ్వ ఆ మాట విన్నది.

రెండోరోజు పొద్దున మొగిలి నొప్పి తగ్గిందన్నాడు. నవ్వాడు కూడా. డాక్టరు సంతోషించి, ఇలాగే ఉంటే మూడు రోజుల్లో గంజి ఇద్దామన్నాడు. సరోజన ముఖం వికసించింది. బుచ్చవ్వకు మాత్రం మనసు ఒప్పుకోలేదు. నిన్నటినుంచి ఒంట్లోకి ఆరు సీసాల సెలైను పోయింది. పొద్దున్నుంచి బయటికి వచ్చింది సీసా అడుగున నాలుగు వేళ్ల లోతు. అదీ చిక్కటి కషాయం రంగులో ఉంది. తాను ఒక్కసారి ఊపిరి తీసేలోపు మొగిలి రెండుసార్లు తీస్తున్నాడు. మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని తుడుచుకుంటున్నాడు. అక్కడ చీమ లేదు.

మధ్యాహ్నం అంతయ్య బీపీ చూడటానికి వచ్చాడు. మొగిలి జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, పక్కమంచం మనిషి ఏదో అడిగితే తన తోడల్లుడి కొత్త సైకిలు కథ మొదలుపెట్టాడు. పట్టీలో గాలి అలాగే ఉండిపోయింది. కథ మంచిర్యాల చేరేసరికి మొగిలి చెయ్యి దానంతటదే వంకర తిరిగింది. మణికట్టు కిందికి వంగింది. నాలుగు వేళ్లూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కున్నాయి, బొటనవేలు లోపలికి ముడుచుకుంది.

బుచ్చవ్వ స్టూలు మీది నుంచి లేచింది. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. కాన్పు చేసేటప్పుడు అమ్మ చెయ్యి అచ్చం అలాగే ఉండేది. కానీ మొగిలి కావాలని పెట్టింది కాదది.

"అంతయ్యా, నీ సైకిలు పాడుగాను! గాలి ఇడువు!" అని అరిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని డాక్టరు క్వార్టరుకు పరుగెత్తింది. మోకాలి నొప్పి ఏమైందో ఏమో.

డాక్టరు పప్పన్నం కలుపుతున్నాడు.

"సారూ, మొగిలి చెయ్యి మంత్రసాని చెయ్యిలెక్క అయింది. ఒంటికి సక్కగ పోతలేడు. దమ్ము ఉరుకుతుంది. నొప్పి తగ్గిందని మనం మురుస్తున్నం గని, ఆయన బాగైతలేడు."

డాక్టరు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "మంత్రసాని చెయ్యా? సరిగ్గా చెప్పు, వేళ్లు ఎలా ఉన్నాయి?"

బుచ్చవ్వ తన చేతితో చేసి చూపించింది. డాక్టరు చెయ్యి కడుక్కున్నాడో లేదో, దారి పట్టాడు.

వార్డులో నాడి నూటముప్పై దాటి కొట్టుకుంటోంది. ఎడమ ఊపిరితిత్తి కింద చప్పుడు మందగించింది. రక్తంలో సున్నం, అంటే కాల్షియం, పడిపోతేనే పట్టీ బిగిసిన చెయ్యి అలా తిరుగుతుందని, లోపల క్లోమం చాలామేర చెడిందని డాక్టరుకు అర్థమైంది. కాల్షియం సూదిని నరంలోకి చుక్కచుక్కగా ఎక్కించాడు. సెలైను జోరు పెంచాడు, ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చి పెట్టించాడు. గంట గంటకూ మూత్రం కొలవమని అంతయ్యతో చెప్పి, మళ్లీ ఆగి, "కాదు, బుచ్చవ్వే కొలుస్తుంది" అన్నాడు.

ఆ పూట ఆమె స్టూలు మీద కూర్చోలేదు, ఎవరు ఏడ్చినా లెక్కచేయలేదు. సరోజన కొంగు నోట్లో కుక్కుకుని అడిగింది: "అవ్వా, నిజం జెప్పు. దక్కుతడా?"

బుచ్చవ్వ కళ్లముందు ఇస్తారి పళ్లు తోముకుంటూ మెదిలాడు. "నాకెర్క లేదు బిడ్డా. ఎర్కైనట్టు జెప్తె గది అబద్ధం. సీసా నిండితె మాత్రం నిన్నే ముందు పిలుస్త."

పిలిచింది. మర్నాడు పొద్దున, ఎండ కిటికీలోంచి మంచం మీద పడే వేళకు, సగం సీసా ఎత్తిపట్టి "సరోజనా!" అని కేక వేసింది. మూత్రం సీసాను చూసి ఆ వార్డులో అంత సంబరపడినవాళ్లు అంతకుముందు లేరు.

మొగిలి ఇరవై రెండు రోజులున్నాడు. ఇంటికి పోయేముందు డాక్టరు చెప్పాడు: నెల తర్వాత మళ్లీ రావాలి, కడుపులో గడ్డ కట్టే ప్రమాదం ఇంకా ఉంది, సారా ముట్టకూడదు. మొగిలి బుద్ధిగా తలూపాడు. నెల దాటింది, జాడ లేదు. బుచ్చవ్వ ఓ ఆదివారం నడుచుకుంటూ వాళ్ల క్వార్టరుకే పోయింది. మొగిలి అరుగు మీద కూర్చుని జావ తాగుతున్నాడు.

"మంచిగున్న అవ్వా. రెండు గుటకలకే కడుపు నిండుతుంది, గంతే."

"ఏం తినకముందే నిండితె మంచిగుండుడు గాదురా. అంగీ లేపు."

పక్కటెముకల కింద తాటికాయంత ఎత్తు కనిపించింది. వాచిన క్లోమం నుంచి ఊరిన నీరు తిత్తి కట్టిందని డాక్టరు తేల్చి, ఉత్తరం రాసిచ్చి హైదరాబాదు పంపాడు. అక్కడ ఆపరేషను చేసి ఆ నీళ్లు జీర్ణాశయంలోకి దారి మళ్లించారు. దసరాకు మొగిలి తిరిగొచ్చాడు. గని లోపలి పని మాన్పించి, పైన దీపాలిచ్చే గదిలో వేశారు. సారా మానేశాడు. మానలేక గొణిగిన రోజున సరోజన, "పిలవాల్నా బుచ్చవ్వను?" అనేదట.

డాక్టరు వార్డు గోడకు ఒక కాగితం అతికించాడు. మూత్రం ఎంత, ఊపిరి ఎన్ని, నాడి ఎంత, చెయ్యి ఎలా ఉంది అని గళ్లు గీశాడు. చదువురాని బుచ్చవ్వ కోసం పక్కన సీసా, ముక్కు, చెయ్యి బొమ్మలు వేశాడు. ముక్కు బొమ్మ వంకాయలా కుదిరిందని ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. కడుపునొప్పితో వచ్చిన ప్రతి మనిషికీ బొగ్గుముక్కతో ఆ గళ్లలో గీతలు పెట్టేది. గీతలు చూసి ఇద్దరిని ముందుగానే హైదరాబాదు పంపారు. ఒకడు బతికాడు, ఒకడు దారిలోనే పోయాడు.

1967లో డాక్టరుకు బదిలీ అయింది. బస్సెక్కే ముందు ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు. "అందరివీ చెప్పావు. నా సంగతేంటి బుచ్చవ్వా?"

ఆమె చెయ్యి చూడలేదు. ఆయన్ను కింది నుంచి మీదిదాకా చూసి, "పెండ్లి జేస్కో సారూ. అంతయ్య మాటలు ఇనుకుంట అన్నం సల్లారవెట్టుకుంటున్నవు" అంది.

బస్సు కదిలాక ఆమె వార్డుకు తిరిగి వెళ్లింది. పదకొండో మంచం మీద కొత్త మనిషి వచ్చి ఉన్నాడు.