మ్యాపులో మెర్విన్ పెట్టిన గుర్తు

మా పక్కింటి మెర్విన్ మీచ్ నలభై ఏళ్లు జిల్లా రోడ్ల శాఖలో తుప్పలు కొట్టాడు. ఇంగ్లండులోని డోర్సెట్‌లో మా ఊరి చుట్టుపక్కల ఆయన యంత్రం గొరగని రోడ్డంచు లేదు. అలాంటి మనిషి డెబ్బై ఒకటో ఏట ఒకే ఒక్క తుప్ప కోసం తిండి సయించక తిరిగాడు.

ఆ తుప్ప ఊరి పైనున్న మట్టికోట మీద ఎక్కడో ఉంది. నల్లముళ్ల పొద. అక్టోబరులో గోలీలంత నల్లటి పళ్లు కాస్తుంది. నోట్లో వేసుకుంటే వగరుకి నాలుక మొద్దుబారిపోతుంది. వాటినే మెర్విన్ చక్కెరతో జిన్ సారాలో నానబెట్టాడంటే, క్రిస్మస్‌కి ఓ గ్లాసు కోసం ఊరు ఊరంతా ఆయన గుమ్మం ముందు మర్యాదగా దగ్గుతుంది. పొదను కనిపెట్టింది ఆయన భార్య బెరిల్. ఆవిడ పోయి ఆరేళ్లయింది. అదెక్కడుందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా వైపు పళ్లు కోసే చోటు అడగడం, ఆడవాళ్ల బరువు అడగడం కంటే అమర్యాద.

కిందటేడు కోట బాగోగులు చూసే సంస్థవాళ్లు వచ్చారు. రెండున్నర వేల ఏళ్ల నాటి గట్లను వేళ్లు తొలిచేస్తున్నాయనీ, చెట్లూ తుప్పలూ కొట్టేసి, ఆవుల్ని వదిలి, పూర్వంలా పచ్చిక బయలు చేస్తామనీ ఊరి హాల్లో చెప్పారు. కుక్కలున్నవాళ్లు ఆవులంటే భయమన్నారు. కింది వీధివాళ్లు చెట్లు పోతే రోడ్డు మోత ఇళ్లలోకొస్తుందన్నారు.

“రెండున్నర వేల ఏళ్ల కింద మా ఇంట్లో కుళాయి లేదు,” అన్నాడు మెర్విన్. “అదీ పీకుతారా?”

హాలంతా నవ్వింది. సంస్థ తరఫున వచ్చిన ఇమోజెన్ అనే అమ్మాయి కూడా నవ్వి, అందరికీ తలో కాగితం పంచింది. అందులో కోట మ్యాపు. దేన్నైనా ఉంచాలనుకుంటే అక్కడ గుర్తు పెట్టమంది.

మర్నాడు మెర్విన్ ఆ కాగితం పట్టుకొచ్చి మా వంటింట్లో కూర్చున్నాడు. ముందున్న టీ చల్లారిపోయింది.

“గుర్తు పెట్టెయ్యండి,” అన్నాను.

“పెడితే? ఇవన్నీ హాల్లో గోడకి అంటిస్తారట పామ్. గ్లెనిస్ కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూస్తుంది.”

గ్లెనిస్‌ది ఊరి జిన్ పోటీలో ఏటా రెండో బహుమతి.

“అయితే పొద పోగొట్టుకుంటారా?”

“ఈ పని నాకు తెలీదా? ఫలానా మొక్క ముట్టుకోవద్దని పైవాళ్లు మేకు పాతితే, ఎందుకొచ్చిన గొడవని చుట్టూ ముప్ఫై గజాలు వదిలేసేవాణ్ణి. ఎవడైనా అంతే.” కలం తీసి, అసలు చోటుకి కాస్త ఎడంగా వేరే పొద మీద గుర్తు పెట్టాడు.

“ఎడంగా అంటే ఎటు?”

కలం జేబులో పెట్టుకుని లేచాడు.

ఫిబ్రవరిలో కొట్టడం మొదలైంది. మోకాలి ఆపరేషనై మెర్విన్ ఇంట్లో ఉన్నాడు. ఉచితంగా సాయానికెళ్లిన వాళ్లలో నేనొకదాన్ని. ఆయన పొదకి నా రంపం తగలకూడదని, గుర్తు నుంచి ఇరవై అంగలు లెక్కపెట్టుకుని, అంత దూరంలో అది ఉండదులే అనుకుని, కందకం అవతలి గట్టు అడిగి మరీ తీసుకున్నాను.

మూడు వారాలకి ఇమోజెన్ ఆయన్ని పైకి రమ్మంది. కర్ర ఊతంతో ఎక్కాడు, పక్కన నేను. గట్లన్నీ గుండు కొట్టించినట్టున్నాయి. మధ్యలో ఒక్క పొద, చుట్టూ కొత్త కంచె.

“మీచ్ గారూ, మీ గుర్తు అంగుళం కూడా తప్పలేదు, కొలిచి మరీ ఉంచాం,” అంది ఇమోజెన్. “మిగతావాళ్లు ఊరికే కోప్పడ్డారండీ. పనికొచ్చే మాట రాసింది మీరొక్కరే.”

అది భేదిముళ్ల పొద. దాని పళ్లు తిన్నవాడు రెండు రోజులు పాయఖానా వదలడు. ఆ పిల్ల ఆయన్ని దాని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తూ, ఇదంటే ఎందుకంత ఇష్టమని అడిగింది.

“పిట్టలు,” అన్నాడు మెర్విన్.

తర్వాత నా వైపు తిరిగాడు. “కందకం అవతల కొట్టిందెవరు?”

“నేనే,” అన్నాను గొప్పగా.

మెల్లగా అటు దాటాడు. మళ్లీ చిగురించకుండా మొదళ్లకి నీలం మందు పూసి ఉంది. ఒక మొదలు దగ్గర ఆగి, కర్రతో చుట్టూ ఆకులు తప్పించాడు. ఆయన అలా నిలబడటం చూశాక నాకు తెలిసింది, నేను కోసింది బెరిల్ పొదనని.

“నేలకి సమంగా కోశావు పామ్,” అన్నాడు. “మా రోడ్ల శాఖవాళ్లలో ఇద్దరికి తప్ప చేతకాదిది.”

దిగేటప్పుడు చెయ్యి అందించాను. పట్టుకోలేదు.