హనోరా మోసిన నీళ్ళు

మా ఊరి క్రైస్తవ మఠానికి మూడువందల ఏళ్ళకు పైగా కప్పు లేదు. ఇంగ్లండు రాజు సైనికులు సన్యాసులను తరిమేసి, పైనున్న సీసం రేకులు ఒలుచుకుపోయారు. కూలిన రాళ్ళు మోసుకొచ్చి మా తాతలు ఇళ్ళు కట్టుకున్నారు. సిగ్గులేని ఊరు మాది. అయినా చచ్చాక అందరూ ఆ గోడల మధ్యకే చేరేవారు. అక్కడొక కట్టుబాటుంది. ఆఖరున పూడ్చిన మనిషి, ఇంకో శవం వచ్చేదాకా, లోపలున్న చచ్చినవాళ్ళందరికీ నీళ్ళు మోయాలి.

హనోరా స్కాలీ యాభై ఏళ్ళపాటు ఊళ్ళో బతికున్నవాళ్ళకు నీళ్ళు మోసింది. ఏటి నుంచి గుట్ట మీదికి, చేతికో బకెట్టు. నడుం వంగిపోయింది. పిల్లలం ఆమె వెనకే వంగి నడిచి నవ్వేవాళ్ళం. ఒకసారి బకెట్లో చచ్చిన ఎలుకను వేసింది నేనే. ఆమె నీళ్ళు పారబోసి మళ్ళీ ఏటికి దిగింది.

పోయే ముందు కూతురు సబీనాను ఒక్కటే అడిగింది. "పోయాక కూడా నాచేత మోయించకే."

అదే రోజు మిల్లు యజమాని మార్టిన్ క్యూసాక్ తల్లి కూడా పోయింది. సబీనా ఏడుస్తూనే నవ్వింది. అమ్మ ముందు మఠం గేటు దాటితే చాలు, నీళ్ళ పని ఆ ముసలామెదే.

హనోరా శవపెట్టె మోసిన నలుగురం మిల్లు కూలీలమే. తెల్లారకముందే బయల్దేరాం. గేటు ఇరవై అడుగులుందనగా వెనక తల్లి శవపెట్టెతో క్యూసాక్ గుర్రబ్బండి వచ్చి ఆగింది.

"దించండ్రా. అమ్మకు దారివ్వండి."

"దించకు బాబాయ్," అంది సబీనా నాతో. "ఇంకెంత దూరమని."

"సోమవారం పనికొస్తావా, మానేస్తావా?" అన్నాడు క్యూసాక్.

ముందు భుజం దించింది నేనే.

"మీ అమ్మకేముందే, అలవాటైన పనేగా," అన్నాడతను సబీనాను దాటిపోతూ. వెనకున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

"రేపో మాపో ఇంకెవరో పోతారులేవే," అని, హనోరాను ఆఖరున పూడ్చి వస్తూ సబీనాకు సర్దిచెప్పాను. మూడు వారాలు ఊళ్ళో ఎవరూ పోలేదు. అప్పుడు మఠం గేటుకు తాళమూ, కాగితమూ వేలాడాయి. ఇకమీదట అక్కడ ఎవరినీ పూడ్చకూడదు, రోడ్డు పక్కన కొత్త శ్మశానం. కాగితం మీద ఊరిపెద్దగా క్యూసాక్ సంతకం ఉంది. అతని తల్లి పోవడానికి వారం ముందటి తేదీ.

సబీనా మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"అమ్మ తర్వాత ఇంకెవరూ రారా, బాబాయ్?"

"రారమ్మా."

కాసేపు నా భుజం వైపే చూసింది.

"ఆ మూడు వారాల్లో నువ్వన్నా చచ్చి ఉండాల్సింది," అంది.