క్లచ్ కేబులుకు కందెన

ఆ మోటారు సైకిలు మా ఇంటికి తన చక్రాల మీద తను రాలేదు. పికప్ వెనకాల పడుకుని వచ్చింది. మా ఆయనా, ఆయనతో వర్క్‌షాపులో పనిచేసే నిజామాబాద్ తమ్ముడూ కలిసి దాన్ని దింపి, సరిగ్గా నేను బట్టలారేసే తీగ కింద నిలబెట్టారు. నేను అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, తెల్ల యూనిఫారాలు ఉతికి ఆరేసి ఉన్నాను. బండి సీటు మీంచి ఇసక జారి నా పాదాల మీద పడింది.

"ఏంటండీ ఇది?"

"మోటారు సైకిలు," అన్నారు మా ఆయన.

"నాకూ కళ్ళున్నాయి. మన వాకిట్లోకి ఎందుకొచ్చిందని అడుగుతున్నా."

ఆయన వినపడనట్టు టైరు నొక్కి చూసుకుంటున్నారు. తమ్ముడు రెండు చేతులూ ఎత్తేశాడు. "వదినే, నన్ను తిట్టకు. గిది మా వర్క్‌షాపు ఎన్క ఎప్పటిసందో పడున్నది. దీని మాలిక్ దేశం పోయి మళ్ల రాలే. ఫోర్‌మన్ పారేయుమన్నడు, అన్న నాకియ్యుమన్నడు. నేను మోసుకొచ్చినోన్ని, గంతే."

ఎనభైల మొదట్లో మాట ఇది. షార్జాలో మేముండే పాత ఇంటికి చుట్టూ ఎత్తు గోడ, మధ్యలో సిమెంటు వాకిలి, దాని చుట్టూ అద్దె గదులు. ఒక గది మాది. అందరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క వాకిలే, అందులో ఎండ బాగా తగిలే మూల నాది. ఆ మూలనే ఈ మహానుభావుడు ఆక్రమించాడు. జపాను బండే గానీ, జపానులో వాళ్ళు చూస్తే ఏడుస్తారు. అద్దం లేదు, చైను తుప్పు, సీటులోంచి స్పాంజి బయటికి చూస్తోంది.

ఇంకో రోజయితే ఇద్దరినీ బండితో సహా గేటు బయటికి తోసేదాన్నే. తోయలేదంటే దానికో కారణం ఉంది. అది మా ఆయన ఎడమచెయ్యి.

అంతకుముందు చలికాలంలో వర్క్‌షాపులో ఇనప రేకు జారి ఆ చేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి, కుట్లు మానాయి, వేళ్ళు మాత్రం ముడుచుకోవడం మర్చిపోయాయి. అన్నం తినేది కుడిచేత్తోనే కాబట్టి చూసేవాళ్ళకి తెలిసేది కాదు. లుంగీ ముడి వేసుకునేటప్పుడు మాత్రం ఆయన గోడవైపు తిరిగేవారు. నేను కూరలో ఉప్పు చూస్తున్నట్టు తల దించుకునేదాన్ని.

కంపెనీ వాళ్ళు ఆయన్ని స్టోర్సులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రంజాను పండగ సెలవలయ్యాక కంపెనీ డాక్టరు చెయ్యి మళ్ళీ చూస్తాడు, పిడికిలి బిగిస్తే మళ్ళీ ఫిట్టరు పని, బిగించకపోతే ఖలాస్, ఊరికి టికెట్టు అని ముదీర్, అంటే మేనేజరు, ముఖం మీదే చెప్పాడు. నా వీసా ఆసుపత్రిది, ఆయనది కంపెనీది. ఆయన్ని పంపేస్తే ఆయన భీమవరం పక్క పల్లెకి, నేను మళ్ళీ నర్సుల హాస్టలుకి. పెళ్ళైన కొత్తలో కొన్నేళ్ళు అలాగే బతికాం. టేపు రికార్డరులో మాటలు నింపి, ఊరెళ్ళే వాళ్ళ చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపడం. ఆయన క్యాసెట్లో సగం కోళ్ళ కూతలూ, మా అత్తగారి దగ్గూ. ఆ కాపురం ఇంకోసారి చెయ్యడం నావల్ల కాదు, చచ్చినా కాదు అనుకున్నాను.

అందుకే ఆసుపత్రి నుంచి ఒక రబ్బరు బంతి తెచ్చిచ్చాను. రోజూ నొక్కమన్నాను.

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా, బంతులాడుకోడానికి?" అని దాన్ని గోడ అవతలికి విసిరేశారు. మగవాళ్ళ పౌరుషం బంతి మీదా! ఒళ్ళు మండిపోయింది నాకు.

ఇప్పుడేమో ఈ బండి. పోనీలే, ఆ స్టోర్సు కుర్చీలో కూర్చుని కుమిలిపోయే బదులు చేతికి పని అనుకుని ఊరుకున్నాను. ఊరుకున్నాననుకోండి, నోరు మాత్రం ఊరుకోలేదు.

శుక్రవారం సెలవు. పొద్దున్నే మా తెలుగు వాళ్ళ ప్రార్థన కూటానికి వెళ్ళొచ్చేవాళ్ళం. ఆమెన్ అనడం ఆలస్యం, ఈయన కాళ్ళు బండివైపు లాగేవి. చొక్కా విప్పి, లుంగీ మడిచి, నా పాత దుప్పటి పరుచుకుని కూర్చునేవారు. నట్లు ఒక పాలపొడి డబ్బాలో, బోల్టులు ఇంకో డబ్బాలో. కార్బురేటరు విప్పి నా స్టీలు పళ్ళెంలో పెట్టి, నా పళ్ళు తోముకునే బ్రష్షుతో కిరసనాయిలు పెట్టి తోమారొకసారి. ఆ పూట ఇంట్లో వంట కాలేదు. ఇంజను మొదటిసారి అందుకున్న రోజున గుప్పున వచ్చిన నల్లపొగంతా నా దుప్పట్లకి పట్టింది. అయినా ఆయన ముఖం చూసి తిట్టు నాలిక మీదే ఆగిపోయింది. దెబ్బ తగిలాక ఆయన పళ్ళు కనపడేలా నవ్వడం అదే మొదలు.

ఆ రోజే ఇంకొకటి చూశాను. పనంతా అయ్యాక ఆయన బండి మీద కూర్చుని, ఎడమచేతి వేళ్ళని కుడిచేత్తో ఒక్కొక్కటే మడిచి క్లచ్ లివరు మీద పెట్టుకుంటున్నారు. పెట్టుకుని లాగుతున్నారు. హ్యాండిలు పక్కన ఉండే ఆ లివరుని లాగితే, నల్ల గొట్టం లోపలున్న ఉక్కు తీగ కదిలి, కింద ఇంజను దగ్గర క్లచ్‌ని వదిలిస్తుంది. క్లచ్ పట్టకపోతే గేరు పడదు, గేరు పడకపోతే బండి లేదు. అది ఎడమచేతి పనే. లివరు సగం దాకా వచ్చి ఆగింది. ఆయన నుదురంతా చెమట.

అప్పుడర్థమైంది నాకు బండెందుకొచ్చిందో. బంతి నొక్కడం నామోషీ, లివరు నొక్కడం మగతనం. నొక్కితే చాలు తండ్రీ అనుకుని లోపలికెళ్ళి టీ పెట్టాను.

రోజూ సాయంత్రం వర్క్‌షాపు నుంచి రాగానే లివరు. వారం తిరిగేసరికి సగాన్ని దాటి ఇంకాస్త వచ్చింది. ఆ ఉత్సాహంలో ఆయన ఒక డబ్బా నిండా గ్రీజు తెచ్చి, చైనుకి దిట్టంగా పట్టించారు. లివరు దగ్గరున్న కేబులు విప్పి, తీగ ఎంత మేర బయటికొస్తే అంత మేర మెత్తారు. మా ఆయనది ఎడ్లబండ్ల కుటుంబం. మా మామగారి బండి కింద వెదురు గొట్టంలో ఆముదం, గడ్డిమసి కలిపిన కందెన ఎప్పుడూ వేలాడుతూ ఉండేది.

"ఎందుకండీ అంత? గోడకి సున్నం కొట్టినట్టు?"

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని ఊరికే అన్నారా? నీకేం తెలుసే బండి సంగతి! ఇరుసు ఎంత తాగితే అంత పొయ్యాలి."

నాకు నిజంగానే తెలీదు. ఆయనకి తెలుసనుకున్నాను. తమ్ముడు కూడా చూసి "మస్తుగున్నదన్నా" అన్నాడు. ముగ్గురం రేగడి బురదలోనూ చెరువు గట్ల మీదా పెరిగినవాళ్ళం, ఇసక సంగతి ఎవరికి తెలుసు?

రంజాను నెల మొదలైంది. నడి వేసవి. గాలి లేచిందంటే ఎదురింటి గోడ కనపడేది కాదు. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కినా అన్నంలో ఇసక. వాకిట్లో బండి సంగతి చెప్పాలా? ఆ గాలి అలా వారాలపాటు కొట్టింది.

ఆయన లివరు లాగడం మానలేదు. కానీ ముందుకి రావలసిన చెయ్యి వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టింది. మొన్న వచ్చినంత నిన్న రాలేదు, నిన్న వచ్చినంత ఇవాళ రాలేదు. పళ్ళు బిగించి, భుజం ఎగదీసి, కుర్చీలోంచి లేవలేని ముసలాడిలా మూలిగి లాగినా పావు వంతు. పండగ దగ్గరపడుతోంది. నేను వేడినీళ్ళ కాపడం పెట్టాను, నూనె రాసి మర్దనా చేశాను, ప్రార్థన చేశాను. లివరు బిగుసుకుంటూనే ఉంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన బండి దగ్గరికి వెళ్ళలేదు. బీరువా మీది పెట్టె దింపి తుడుస్తున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"చచ్చిపోయిందే ఈ చెయ్యి. డాక్టరు చెప్పేదాకా ఎందుకు? ముందే సర్దుకుంటే గౌరవంగా ఉంటుంది." నా వైపు చూడకుండానే అన్నారు. "నువ్వు హాస్టల్లో చెప్పి ఉంచు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద కాదు, దేవుడి మీద అంటే పాపం, అందుకని బండి మీద. చరచరా వాకిట్లోకి వెళ్ళాను. "నువ్వు మా ఇంటికొచ్చిన వేళేంటే దరిద్రమా!" అని, దాన్ని తన్నడానికి చెప్పుల్లేక, ఆ లివరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

రాలేదు.

మళ్ళీ గుంజాను. పక్షవాతం వచ్చిన భారీ మనుషుల్ని పక్క మీద ఒంటిచేత్తో తిప్పిన చెయ్యి నాది. వార్డులో మందు సీసాల బిగుసుకున్న మూతలన్నీ నా దగ్గరికే వస్తాయి. అలాంటి చేతికి ఆ లివరు పావు వంతు కూడా రాలేదు.

డ్రిప్పు ఎక్కకపోతే మేం ముందు చూసేది ట్యూబు. ట్యూబు మూసుకుపోయిందేమో చూడకుండా పేషెంటు నరం చెడిందనే నర్సుని మా సిస్టరు వార్డులోంచి తరిమేస్తుంది. మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేంటి?

"ఏవండోయ్! ఇలా రండి ముందు!"

"ఏంటే ఆ అరుపు?"

"రోగం మీ చేతికి కాదు, బండికి. రండంటే!"

ఆయన నమ్మలేదు. నా ఓదార్పు అనుకున్నారు. నేనే స్పానరు చేతికిచ్చి కేబులు మొత్తం విప్పించాను. గ్రీజు నిండా ఇసక. వేళ్ళ మధ్య నలిపితే గరుకు కాగితంలా ఉంది. బట్టలారేసే తీగకి కేబుల్ని నిలువుగా వేలాడదీసి, కింద ఎనామిలు బేసిను పెట్టి, ఇంట్లో ఉన్న పాత సిరంజితో పై నుంచి కిరసనాయిలు ఎక్కించాను. మొదట చుక్క కూడా దిగలేదు. పట్టు వదలకుండా నెట్టగా నెట్టగా, నల్లటి ముద్ద ఒకటి జారి బేసిన్లో పడింది. దాని వెనకాల ఇసక, మళ్ళీ నలుపు, మళ్ళీ ఇసక. తెల్లగా దిగేదాకా ఎక్కించి, ఎండలో ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. గ్రీజు డబ్బా మాత్రం ఆయనకి అందకుండా బట్టల బుట్ట కింద దాచాను.

కేబులు మళ్ళీ తగిలించేసరికి పొద్దు వాలింది. ఆయన బండెక్కి కూర్చున్నారు గానీ చెయ్యి తొడ మీదే ఉంచుకున్నారు. ఇప్పటిదాకా తప్పు చేతిదేనని ఏడ్చిన మనిషి. కేబులు బాగుపడ్డాక కూడా లివరు రాకపోతే, ఇంక తప్పు నిజంగా చేతిదే. ఆయన భయపడుతున్నారని నాకు తెలిసింది. నేనూ భయపడ్డాను.

"లాగండి," అన్నాను.

అలవాటుగా పళ్ళు బిగించి, భుజం ఎగదీసి లాగారు. లివరు ఒక్క దెబ్బన వచ్చి హ్యాండిలుకి టక్కున కొట్టుకుంది. ఆయన అంత విసురుగా ముందుకి తూలి, ట్యాంకు మీద పడబోయి నిలదొక్కుకున్నారు. ఇద్దరం ఆ చేతినే చూస్తున్నాం. నాలుగు వేళ్ళూ మడత పడి, అరచేతిలోకి వెళ్ళి కూర్చున్నాయి. పిడికిలి!

వదిలారు. మళ్ళీ పట్టారు. వదిలారు, పట్టారు. అంతలో ఉపవాసాలు విడిచే వేళయిందని ఎక్కడో ఇఫ్తారు ఫిరంగి పేలింది. ఆయన ఉలిక్కిపడి నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చారు. నేను కిరసనాయిలు చేతులతోనే ఆయన తల పట్టుకున్నాను. ఆ జుట్టు వాసన రెండు రోజులు వదల్లేదు.

పండగయ్యాక కంపెనీ డాక్టరు తన రెండు వేళ్ళు ఆయన అరచేతిలో పెట్టి బిగించమన్నాడట. "బస్, బస్, ఛోడో!" అని ఆ డాక్టరు కుర్చీలోంచి లేచిపోయాడని తమ్ముడు చెప్పాడు. వాడు తలుపు బయట నిలబడి విన్నాడట. వాడి మాటల్లో సగం తీసేసినా నాకు మిగిలింది చాలు.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక తగువు మొదలై ఇప్పటికీ తెగలేదు. "నేను కందెన పెట్టబట్టే కదే లివరు బిగిసింది, బిగిసిన లివరు లాగబట్టే కదే చేతికి బలమొచ్చింది," అంటారు మా ఆయన. ఎంత ధైర్యం! "నేను కేబులు కడగకపోతే ఈపాటికి ఊళ్ళో ఎడ్లకి కుడితి పెడుతూ ఉండేవారు," అంటాను నేను.

డాక్టరు చూసిన రోజున ఆ గదిలో ఏం జరిగిందో నాకింకా తెలీదు. పొద్దున్నుంచీ వార్డులో ఏ మంచం దగ్గరికి వెళ్ళినా ధ్యాస ఆ చేతి మీదే. డ్యూటీ దిగి ఆసుపత్రి గేటు బయటికి వస్తే, ఎదురుగా ఆ బండి. ఇంజను ఆన్‌లో ఉంది. దాని మీద ఆయన. ఎడమచెయ్యి ఎత్తి పిడికిలి బిగించి చూపించారు. నాతోటి నర్సులంతా చూస్తున్నారు. చూడనీ అనుకుని, తెల్ల యూనిఫారంతోనే ఆ స్పాంజి సీటు మీద ఒక పక్కకి కూర్చుని ఆయన నడుం పట్టుకున్నాను. మా పెళ్ళినాటి కారులో కూడా అంత దర్జాగా కూర్చోలేదు.

రోలా కూడలి దగ్గర ఎర్ర లైటు పడింది. ఆయన క్లచ్ పట్టి బండి ఆపారు. లైటు ఆకుపచ్చకి మారింది. బండి కదల్లేదు. వెనకాల హారన్లు మొదలయ్యాయి. ఒక టాక్సీవాడు తల బయటపెట్టి "యల్లా, యల్లా!" అని కేకలు వేస్తున్నాడు.

"ఏవండీ, పచ్చ లైటు పడింది. క్లచ్ వదలండి!"

ఆయన వెనక్కి తిరగలేదు. లివరు మీద బిగిసిన ఆ నాలుగు వేళ్ళనీ చూసుకుంటున్నారు.

"ఇంకాసేపు పట్టుకోనివ్వవే," అన్నారు.